గడపలో గిమ్ పెట్టె

ఆ ఏడు చలికాలపు క్యాబేజీ ఊరగాయ కిమ్చీ పెట్టిన రోజున పార్టీ ఆఫీసు పెరట్లో, పొడుగు బల్లకి ఆ చివర ఒక చోటు ఖాళీగా ఉండిపోయింది. అది ప్యో గిదొక్ నిలబడే చోటు. పడవల ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికి, ఊళ్ళవాళ్ళు పట్టుబట్టి నిలబెడితే జిల్లా సభకి మెంబరయిన మనిషి. ప్రతి ఏడూ మోచేతుల దాకా గులాబీరంగు రబ్బరు తొడుగులు వేసుకుని, ఆడవాళ్ళతో సమానంగా నిలబడి కారం కూరేవాడు. ఈసారి రాలేదు. రావద్దని ఎవరూ చెప్పలేదు, రమ్మనీ ఎవరూ చెప్పలేదు. బల్ల దగ్గర జనం భుజాలు రాసుకుంటూ ఇరుకిరుగ్గా నిలబడ్డారు గానీ, ఆ ఖాళీలోకి మాత్రం ఒక్కరూ జరగలేదు. అంటుకుంటుందని భయమేమో మరి.

ఆ ఖాళీ పక్కనే మల్‌సుక్ చోటు. ఆవిడా మెంబరే. అయితే ఓట్లు అడిగి గెలిచింది కాదు, పార్టీ ఇచ్చిన జాబితాలో పేరుండి కూర్చున్న సీటు. అంతకుముందు చాలా ఏళ్ళు రేవులో ఆల్చిప్పలు ఒలిచింది. ఇప్పటికీ ఆవిడ బొటనవేలు పక్కకి వంగే ఉంటుంది.

రాత్రంతా ఉప్పునీళ్ళలో నాని మెత్తబడిన క్యాబేజీని ముందుకు లాక్కుంది. పై ఆకు ఎత్తి, మొదలు దాకా కారం పట్టించి, దానిమీద ముల్లంగి తురుమూ ఉప్పు రొయ్యలూ పరిచి, ఆ ఆకు వాల్చి మరో ఆకు ఎత్తింది. చివరికి అన్నింటికంటే పెద్ద ఆకుతో మొత్తాన్ని బొంతలా చుట్టి డబ్బాలో సర్దింది. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. కళ్ళు మాత్రం బల్ల చుట్టూ తిరుగుతున్నాయి. ఎవరు ఎవరితో గుసగుసలాడుతున్నారు, ఎవరు ఎవర్ని చూసి మాట మింగేస్తున్నారు, అన్నీ చూస్తూనే ఉంది.

"మల్‌సుక్ అక్కా, నోరు తెరు."

పక్కనుంచి బాంగ్ ఇన్‌జా. పార్టీలో రెండో ఆడ మెంబరు. క్యాబేజీ మధ్యలోంచి తుంచిన లేతాకులో కారమూ ఒక ఆల్చిప్ప మాంసమూ చుట్టి, నోటి దగ్గర పెట్టింది. కిమ్చీ పెట్టే చోట అలా పక్కవాళ్ళ నోట్లో పెట్టడం మామూలే. కానీ ఇన్‌జా ఇన్నేళ్ళలో మల్‌సుక్‌కి ఒక్కసారీ పెట్టలేదు. మల్‌సుక్ నోరు తెరిచింది, నమిలింది. రుచిగానే ఉంది. అందుకే మరీ అనుమానం వేసింది.

"ఏంటమ్మా, ఇవాళ నామీద ఇంత ప్రేమ?"

"ప్రేమే అక్కా, వేరే ఏముంటుంది?" ఇన్‌జా గొంతు తగ్గించింది. "సోమవారం పొద్దున విలేకర్లు వస్తున్నారు. గిదొక్ రాజీనామా చెయ్యాలని మనవాళ్ళే అడుగుతున్నట్టు ప్రకటన చదవాలి. మనం ఐదుగురం. మూడు ముద్రలు పడితే అది పార్టీ మాట అయిపోతుంది. లీడరు గారిది పడింది, నాది పడింది. మూడోది నీది."

"యొమ్ పెద్దాయన వెయ్యడా?"

"ఆయనెందుకు వేస్తాడు? ఆయనా గిదొక్కూ ఒక్క బళ్ళో చదివారు. మధ్యలో ఇరవయ్యేళ్ళ తేడా ఉన్నా బడి బడే కదా! దొంగతనం చేసినా వెనకేసుకొస్తాడు." ఇన్‌జా ఇంకో ఆకు చుడుతూ అంది, "నువ్వు బాగా ఆలోచించుకో అక్కా. వచ్చే ఏడు మళ్ళీ జాబితా రాస్తారు."

అదీ సంగతి. మల్‌సుక్ ఆ రెండో ఆకు వద్దంది.

కాసేపటికి యొమ్ పెద్దాయన వచ్చాడు. పనిచేసే ఓపిక లేదు గానీ ఉడికిన పంది మాంసం కోసం వస్తాడు. ముక్క నోట్లో వేసుకుని మల్‌సుక్ వెనక నిలబడ్డాడు.

"ఏం పెట్టింది నీ నోట్లో, చెల్లెమ్మా?"

"ఆల్చిప్ప."

"ముద్రకి ఆల్చిప్పా! నాకైతే అదీ పెట్టలేదు." ఆయన దగ్గరికి వంగాడు. "మన లీడరు తాక్ గారి బావమరిది కొడుకు కొత్త సూటు కుట్టించుకున్నాడు, విన్నావా? ఇంట్లో పెళ్ళి లేదు, చావు లేదు. సూటెందుకంటావ్? గిదొక్ ఇప్పుడు దిగిపోతే వసంతంలోనే ఉపఎన్నిక. ఆ సీటుకి కొలతలు తీసుకున్నారు తల్లీ."

"మీరు చూశారా ఆ సూటు?"

"చూడలేదు. దర్జీ చెప్పాడు."

మల్‌సుక్ తల ఊపింది. ఈయన మాటా పూర్తిగా మింగుడు పడలేదు. ఆ రోజుల్లో మా జిల్లాలో అంతే. ఎవరు నవ్వినా ఎందుకు నవ్వారా అని వెనక్కి తిరిగి చూసుకునేవాళ్ళం.

గిదొక్ మీద వచ్చిన నింద ఇది. చుసోక్ పండగ ముందు, ఊళ్ళో ముసలివాళ్ళంతా పగలు చేరే పెద్దవాళ్ళ గదికి గిమ్ పెట్టె పంపాడని. గిమ్ అంటే ఏముంది, సముద్రపు నాచుతో చేసిన నల్లటి పల్చటి అట్టలు, అన్నంలో నంజుకునేవి. కానీ మెంబరన్నవాడు ఓటరుకి కాఫీ కప్పు ఇప్పించినా నేరమే. ఇచ్చినవాడి పదవి పోతుంది, తిన్నవాళ్ళు తిన్నదానికి ఎన్నో రెట్లు జరిమానా కట్టాలి. ఎవరో ఎన్నికల సంఘానికి ఫోను చేశారు. సాక్ష్యం గిదొక్ మనుషులు తీసిన వీడియోనే. మల్‌సుక్ కూడా చాలాసార్లు చూసింది. గిదొక్ అడుగునుంచి వేడెక్కించిన గది నేల మీద మోకరిల్లి, నుదురు ఆనించి పెద్ద నమస్కారం చేస్తాడు. తొంభై దాటిన దొల్‌సాన్ బామ్మ అతని చెయ్యి పట్టుకుని, "గిమ్ బావుంది నాయనా, పొద్దున నువ్వు పంపిందే తిన్నాం," అంటుంది. గిదొక్ మెడ వెనక గోక్కుని, నవ్వి, "అయ్యో, ఏముంది బామ్మా, కాస్తే కదా, కడుపారా తినండి," అంటాడు.

అంతే. తన నోటితోనే.

మల్‌సుక్‌కి కోపం వచ్చింది కూడా అందుకే. తీరా దొరికాక, నేను కాదు అనడానికి ఇంక మొహం ఎక్కడిది?

*

సాయంత్రం తన వంతు కిమ్చీలోంచి ఒక డబ్బా తీసుకుని గిదొక్ షెడ్డుకి వెళ్ళింది. కిమ్చీ ఒక వంక. మనిషి మొహం చూసి తేల్చుకుందామని వెళ్ళింది.

గిదొక్ విప్పేసిన ఇంజను పక్కన బాసింపట్టు వేసుకుని, ఒక్కొక్క నట్టూ కిరసనాయిల్లో కడిగి పాత తువ్వాలు మీద వరసగా పెడుతున్నాడు. ఆవిణ్ణి చూసి లేవబోయాడు.

"కూర్చో. చేతులు అలా ఉంచుకునే మాట్లాడు. నువ్విచ్చావా ఆ గిమ్?"

"లేదక్కా."

"మరి ఆ మాటన్నావుగా?"

"అన్నాను."

"ఇవ్వని వస్తువుకి అలా ఎందుకంటావ్?"

గిదొక్ నట్టుని వేళ్ళ మధ్య తిప్పాడు. "మరేమనాలి? అంత పెద్దావిడ, గది నిండా జనం, నా చెయ్యి పట్టుకుని బావుంది నాయనా అంటోంది. కాదు బామ్మా, నువ్వు పొరబడ్డావు, నేను పంపలేదు అనాలా? ఆవిడ మొహం ఏమయిపోతుంది? నేను ఉత్త చేతులతో వచ్చానని గుర్తుచేసినట్టూ ఉంటుంది. నోటికి వచ్చింది అనేశాను. తర్వాత ఎవరో తెచ్చినవాళ్ళే చెప్పుకుంటారులే అనుకున్నా."

"ఎవరు తెచ్చారు మరి?"

"తెలీదు."

"బామ్మల్ని అడిగావా?"

"పోలీసులు వెళ్ళొచ్చాక వాళ్ళు తలుపే తియ్యడం లేదు. జరిమానా భయం. మళ్ళీ నేను వెళ్తే, ఏం చెప్పాలో నేర్పడానికి వచ్చాడంటారు. వాళ్ళని వదిలెయ్యక్కా."

మాట బాగానే ఉంది. కానీ తప్పు చేసినవాళ్ళ దగ్గరే మాటలు మరీ బావుంటాయని మల్‌సుక్‌కి రేవు నేర్పింది. ఆవిడ చూపు షెడ్డు మూలకి పోయింది. అక్కడ టార్పాలిన్ కింద నుంచి గిమ్ పెట్టెల అంచులు కనిపిస్తున్నాయి. ఒకటి కాదు, ఒక దొంతర.

గిదొక్ కూడా ఆవిడ చూపు వెంటే చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"పడవలవాళ్ళు. చేతిలో డబ్బు ఆడనప్పుడు మరమ్మతుకి బదులు అవే ఇస్తారు. పోలీసులూ చూశారు. నమ్మలేదు."

"నేనయితే నమ్ముతాననా?"

అతను తువ్వాలు మీద నట్లు మళ్ళీ సర్దాడు, ఇందాక సర్దినవే.

బయటికి వస్తుంటే రోడ్డు మలుపులో తెల్ల కారు నిలబడి ఉంది. ఇన్‌జాది. లోపల లైటు లేదు. ఆవిడ దాటి వెళ్ళేదాకా కదల్లేదు. అంటే తను ఎటు తిరుగుతోందో చూసే వాళ్ళు కూడా ఉన్నారన్నమాట. మల్‌సుక్ ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంది. కారం మంట ఇంకా తగ్గలేదు. ఇన్‌జా, గిదొక్ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో తేలలేదు సరికదా, వెళ్ళకముందు కంటే ఎక్కువ చిక్కుపడింది.

*

పెద్దవాళ్ళ గదులకి కిమ్చీ డబ్బాలు పంచే విషయంలో తాక్ జేగ్వాన్ గారు ఈసారి బహు జాగ్రత్త పడ్డారు. పార్టీ లీడరు, చట్టం అక్షరం అక్షరం తెలిసిన మనిషి. డబ్బా మీద బోర్డు వద్దు, పేరు వద్దు, పార్టీ రంగు కూడా వద్దన్నారు. మహిళా సంఘం ఆడవాళ్ళు తీసుకెళ్ళి గడపలో పెట్టి వచ్చెయ్యాలి, మెంబరన్నవాడు ఎవడూ వెంట వెళ్ళకూడదు. "గిదొక్ పని మనం చెయ్యకూడదు," అన్నారు. ఆడవాళ్ళు అలాగే గడపల్లో పెట్టి వచ్చేశారు.

మర్నాడు ఆయన పలకరింపుకి బయల్దేరారు. పలకరింపుకి చట్టం అడ్డు రాదు, చేతులు ఖాళీగా ఉంటే చాలు. ఇన్‌జాని తీసుకెళ్ళారు, మల్‌సుక్‌ని కూడా రమ్మన్నారు. ఎందుకు రమ్మన్నారో మల్‌సుక్‌కి తెలుసు. కళ్ళెదుట ఉంచుకోవడానికి. కార్లో వెనక సీట్లో ఇన్‌జా ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, "కిమ్చీ ఎవరెవరికి పంచావక్కా?" అని అడిగింది. "తినేవాళ్ళకి," అంది మల్‌సుక్.

ముందుగా వెళ్ళింది గిదొక్ ఊరి గదికే. తాక్ గారు కావాలనే అది ఎంచుకున్నారు. తలుపు తియ్యగానే లోపల మాటలు ఆగిపోయాయి. నేల మీద పరిచిన పేకముక్కలు దుప్పటి కిందికి పోయాయి. బామ్మలంతా గోడకి ఆనుకుని, బడిపిల్లల్లా మోకాళ్ళు దగ్గరికి లాక్కున్నారు. గది పెత్తనం చేసే జాంగ్‌తొ బామ్మ గుమ్మంలోనే అడ్డం నిలబడింది.

"ఏమైనా తెచ్చారా? తెస్తే గడప అవతలే పెట్టండి. మేం ముట్టుకోం."

తాక్ గారు రెండు అరచేతులూ చాపి చూపించారు. "ఉత్త చేతులు బామ్మా. ముఖం చూపించి పోదామని."

"ముఖానికి జరిమానా లేదు కదా?"

"లేదు లేదు."

"అయితే రండి. ఫోను ఎందుకు తీసిందా అమ్మాయి?"

"జ్ఞాపకానికి బామ్మా," అంది ఇన్‌జా, ఫోను ఎత్తి పట్టుకుని.

తాక్ గారు కోటు విప్పి మల్‌సుక్ చేతికిచ్చి, మోకాళ్ళు వంచి, నేలకి నుదురు తాకించి నిండుగా నమస్కారం చేశారు. అంత బాగా నమస్కరించే మనిషి మా జిల్లాలో లేడు. గోడల దగ్గర ముసలి మొహాలు కాస్త మెత్తబడ్డాయి. వెచ్చటి మూల కూర్చున్న దొల్‌సాన్ బామ్మ పాక్కుంటూ వచ్చి, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. పోలీసులూ జరిమానాలూ ఆవిడ దాకా పోయినట్టు లేదు.

"కిమ్చీ బావుంది నాయనా. ఉప్పు సరిగ్గా పడింది. ఆల్చిప్పలు కూడా వేయించావు. నిన్న నువ్వు పంపిందే తిన్నాం రెండు పూటలా."

తాక్ గారు నవ్వారు. ఖాళీగా ఉన్న చేత్తో మెడ వెనక రాసుకున్నారు.

"అయ్యో, ఏముంది బామ్మా. కాస్తే కదా. కడుపారా తినండి."

మల్‌సుక్ చేతిలో కోటు కిందికి జారింది. వంగి తీసుకుని, దుమ్ము దులిపి, మళ్ళీ దులిపింది. తల ఎత్తేసరికి గుమ్మం దగ్గర జాంగ్‌తొ బామ్మ తననే చూస్తోంది. ఆ చూపులో ఏదో ఉంది. పట్టుబడ్డ మనిషి చూపు.

తాక్ గారికి ఏమీ తెలియలేదు. ఇన్‌జాకీ తెలియలేదు. కాగితం కప్పుల్లో కాఫీ వచ్చింది, మోకాళ్ళ నొప్పుల సంగతి వచ్చింది, బస్సు రావడం లేదన్న సంగతి వచ్చింది. లేచేటప్పుడు మల్‌సుక్, "మీరు నడవండి, నేను ఈ పళ్ళాలు కడిగేసి వస్తాను," అని వెనక ఆగింది.

వంటింట్లో నీళ్ళ చప్పుడులో జాంగ్‌తొ బామ్మ పక్కకి వచ్చి నిలబడింది. మల్‌సుక్ కడుగుతూనే అడిగింది.

"బామ్మా, ఆ కిమ్చీ లీడరు గారు పంపలేదు. నేనూ సంఘం ఆడవాళ్ళూ కలిసి పెట్టింది. ఆయన ఒక్క ఆకు కూడా ముట్టుకోలేదు. ఆయనెందుకు కాదనలేదు?"

"కాదంటారా ఎవరైనా? అంత పెద్దావిడతో!"

"నువ్వెందుకు కాదనలేదు? ఆడవాళ్ళు గడపలో పెడుతుంటే నువ్వు చూశావు."

"ఇంటికొచ్చిన మనిషి పరువు తియ్యనా? ఆవిడ మెచ్చుకుంది, ఆయన పుచ్చుకున్నాడు. మధ్యలో నేనెవర్తిని?"

మల్‌సుక్ కుళాయి కట్టేసింది. "చుసోక్‌కి గిమ్ వచ్చినప్పుడూ ఇంతేనా?"

ముసలావిడ చేతిలో గుడ్డ ముడి పడింది, విడింది.

"ఆ గిమ్ మా చిన్నవాడిది," అంది. "పడవ ఎక్కబోతూ తెల్లారగట్ట వచ్చి గడపలో పెట్టి పోయాడు. అమ్మా, అందరూ కలిసి తినండి అన్నాడు. పొద్దున నేను చెప్పేలోపే గిదొక్ వచ్చాడు, దండం పెట్టాడు, ఆవిడ చెయ్యి పట్టేసుకుంది. ఆ పిల్లాడు ఏముంది బామ్మా అన్నాక ఇంక నేను మా వాడిదని ఎలా అనను? ఇచ్చానన్న మనిషిని అబద్ధాలకోరుని చెయ్యనా, ఓ నాచు పెట్టె కోసం? మెచ్చుకోలే కదా, పోనీలే అనుకున్నాను. తర్వాత పోలీసులొచ్చారు. తిన్నవాళ్ళంతా కట్టాలన్నారు. నోరు పడిపోయిందమ్మా నాకు. ఇప్పుడు చెబితే గిదొక్ నేర్పాడంటారు. మా వాడు సముద్రం మీద ఉన్నాడు. వాణ్ణి కూడా లాగుతారు."

"ఎప్పుడొస్తాడు?"

"వచ్చే వారం అన్నాడు." ఆవిడ మల్‌సుక్ మణికట్టు పట్టుకుంది. "నువ్వు కూడా అడగడానికే వచ్చావా? ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు."

"అందరూ అదే అంటారు," అంది బామ్మ. కానీ చెయ్యి వదల్లేదు. "వాడు రానీ, స్టేషన్‌కి నేనే వచ్చి చెబుతాను."

బయట కారు హారను మోగింది.

*

సోమవారం పొద్దున ఆఫీసులో స్టవ్ మీద బార్లీ నీళ్ళ కెటిల్ కాగుతోంది. ముందు గదిలో విలేకర్లు కుర్చీలు జరుపుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. లోపలి గదిలో నలుగురు. గిదొక్‌ని పిలవలేదు. బల్ల మీద ప్రకటన కాగితం. రెండు ఎర్రటి ముద్రలు పక్కపక్కన, మూడో దానికి చోటు. కాగితం పక్కనే ఎర్ర సిరా డబ్బా మూత తీసి సిద్ధంగా పెట్టారు.

"వెయ్యి అక్కా, బయట ఎదురుచూస్తున్నారు," అంది ఇన్‌జా.

మల్‌సుక్ సంచిలోంచి, సంతకం బదులు వేసే తన పేరు ముద్ర తీసింది. బల్ల మీద నిలబెట్టింది. సిరాలో ముంచలేదు.

"లీడరు గారూ, ఆ గిమ్ జాంగ్‌తొ బామ్మ కొడుకు పెట్టింది. ఆవిడే నాతో చెప్పింది. కొడుకు వచ్చాక స్టేషన్‌కి వచ్చి చెబుతానంది. ఆ వారం ఆగుదాం."

తాక్ గారు ఆశ్చర్యపోలేదు. జాలిగా చూశారు. "నువ్వు కిమ్చీ డబ్బా పట్టుకుని గిదొక్ షెడ్డుకి వెళ్ళావు. రెండ్రోజులు తిరక్కుండా ముసలావిడకి కొడుకు గుర్తొచ్చాడు. బయట ఉన్నవాళ్ళు ఎలా అనుకుంటారో నువ్వే చెప్పు."

"వెళ్ళాను. నాకూ నమ్మకం కుదరక వెళ్ళాను."

"కొడుకు పెట్టినా, కూతురు పెట్టినా, గిదొక్ తన నోటితో ఒప్పుకున్నాడు. ఇవ్వనివాడు ఆ మాట ఎందుకంటాడు? చిన్నపిల్లాడా?" ఆయన గొంతు పెంచలేదు. ఎప్పుడూ పెంచరు. "నీ పేరు జాబితాలో రాయించింది నేను, మల్‌సుక్ మెంబరూ. అప్పుడు కూడా చాలామంది వద్దన్నారు. ఆల్చిప్పలు ఒలిచే మనిషికి సభలో ఏం పనన్నారు."

"అది మర్చిపోలేదండి. అందుకే విలేకర్ల ముందు కాకుండా మీ ముందే చెబుతున్నాను."

యొమ్ పెద్దాయన ఏదో అనబోయాడు. మల్‌సుక్ చేత్తో ఆగమంది. ఆయన సూటు గొడవ ఇప్పుడు ఎత్తితే అంతా చెడుతుంది.

"ఇన్‌జా, శనివారం తీసిన వీడియో పార్టీ పేజీలో పెట్టావు కదా. ఒక్కసారి పెట్టు."

"ఇప్పుడెందుకక్కా అది?"

"పెట్టమ్మా."

ఇన్‌జా లీడరు మొహం చూసింది. ఆయన తల ఊపారు. ఆయనకి ఆ వీడియో మీద ఏ బెంగా లేదు. ఆ నమస్కారాన్ని జిల్లా అంతా మెచ్చుకుంది. ఫోను బల్ల మీద గ్లాసుకి ఆనించి నిలబెట్టారు. నలుగురూ వంగారు. తాక్ గారు నేలకి నుదురు తాకించారు. దొల్‌సాన్ బామ్మ పాక్కుంటూ వచ్చింది. నిన్న నువ్వు పంపిందే తిన్నాం రెండు పూటలా. తాక్ గారి చెయ్యి మెడ వెనక్కి పోయింది. అయ్యో, ఏముంది బామ్మా. కాస్తే కదా.

వీడియో మళ్ళీ మొదటికి వెళ్ళి తనంతట తనే ఆడడం మొదలెట్టింది. ఎవరూ ఆపలేదు. రెండోసారి ఆ మాట వచ్చినప్పుడు, బల్ల దగ్గర కూర్చున్న తాక్ గారి చెయ్యి నిజంగానే మెడ దగ్గరికి వెళ్ళి, సగంలో ఆగిపోయింది.

"అది వేరే విషయం," అంది ఇన్‌జా.

"ఏం వేరే?" అన్నాడు యొమ్ పెద్దాయన. ఆయన నవ్వుతాడనుకుంది మల్‌సుక్. నవ్వలేదు.

తాక్ గారు ఫోనుని బోర్లా పెట్టారు. స్టవ్ చిటపటలాడింది. ఆయన అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టుగా:

"మరి నేనేమనాలి ఆవిడతో? నువ్వు పొరబడ్డావు, నేను పంపలేదు అనాలా? తొంభై దాటిన మనిషితో, అందరి ముందూ?"

"గిదొక్ నాతో సరిగ్గా ఇదే మాటన్నాడండి," అంది మల్‌సుక్. "నేనూ నమ్మలేదు."

ముందు గదిలో ఎవరో దగ్గారు. ఇన్‌జా ఫోను తీసుకుని గబగబా నొక్కుతోంది.

"ఏం చేస్తున్నావ్?" అన్నారు తాక్ గారు.

"తీసేస్తున్నా, లీడరు గారూ. పేజీలోంచి. ఎవరైనా చూస్తే..."

"అది తీసేస్తే గిదొక్‌దీ తీసెయ్యాలి మరి," అన్నాడు యొమ్ పెద్దాయన.

ఇన్‌జా బొటనవేలు గాల్లో ఆగింది. తాక్ గారి వైపు చూసింది. ఆయన వద్దనీ అనలేదు, కానీమనీ అనలేదు. ప్రకటన కాగితాన్ని తన ముందుకు లాక్కుని, అందులో తన ముద్ర దగ్గర వేలు పెట్టి, అది వేరేవాళ్ళదేమో అన్నట్టు చూశారు. తర్వాత నిలువుగా మడిచి, అడ్డంగా మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. మల్‌సుక్‌ని చూడకుండానే అన్నారు:

"జాంగ్‌తొ బామ్మ కొడుకు వచ్చేదాకా. అంతే. ఆ తర్వాత చూద్దాం."

లేచి, మొహాన నవ్వు సర్దుకుని, విలేకర్ల గదిలోకి వెళ్ళారు. "ఇవాళ ఏమీ లేదు నాయనా, చల్లగా ఉంది, టీ తాగి వెళ్ళండి," అనడం వినిపించింది. వెంటనే మళ్ళీ అన్నారు, "టీ కూడా వద్దులెండి. మీ డబ్బులతో బయట తాగండి." విలేకర్లు నవ్వారు. ఆయన నవ్వలేదనిపించింది మల్‌సుక్‌కి.

సిరా డబ్బా మూత పెట్టి, తన ముద్రని గుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. ఇన్‌జా ఆవిడ వైపు చూడనేలేదు. వచ్చే ఏడు జాబితాలో తన పేరు ఉండదని ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది. తెలిసి, కెటిల్‌లోంచి ఓ గ్లాసుడు బార్లీ నీళ్ళు వంచుకుని, నిలబడే తాగింది.

*

ఆ కొడుకు పడవ దిగాడు. ఒంటి మీది చేపల వాసన కూడా పోకుండా, రబ్బరు బూట్లతోనే తల్లిని వెంటపెట్టుకుని స్టేషన్‌కి వెళ్ళి, గిమ్ కొన్న చోటు చెప్పి వచ్చాడు. పోలీసులు ఆ కొట్టువాణ్ణి పిలిచి అడిగారు. ఎవరూ గిదొక్‌కి క్షమాపణ చెప్పలేదు. కేసు మూసేశారని కాగితం మాత్రం వచ్చింది. యొమ్ పెద్దాయన చెప్పిన సూటు కుర్రాడు దాన్ని ఎవరి పెళ్ళికో వేసుకొచ్చాడు. దాన్ని బట్టి ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

కొత్త కిమ్చీ పులుపెక్కే రోజుల్లో, రేవు దగ్గర చేపల బల్లల మధ్య గిదొక్ మల్‌సుక్‌ని పట్టుకున్నాడు. ఖాళీ డబ్బా కడిగి తెచ్చాడు. మా వైపు ఖాళీ డబ్బా తిరిగివ్వరు, అందులో ఏదో ఒకటి వేసి ఇస్తారు. అతనేం వెయ్యలేదు. వెయ్యాలంటే భయం పట్టుకుంది పాపం. ఖాళీ డబ్బానే రెండు చేతులతో చాపి, తల బాగా వంచాడు.

"అక్కా, నువ్వు లేకపోతే నేను ఈపాటికి..." డబ్బా ఇంకాస్త ముందుకు జరిపాడు. "ఇదంతా నువ్వు చేసిందే."

చేపలు కోసే ఆడవాళ్ళు కత్తులు ఆపి చూస్తున్నారు. మల్‌సుక్ చెయ్యి దానంతట అదే మెడ వెనక్కి వెళ్ళింది. నోరూ దానంతట అదే తెరుచుకుంది.

"అయ్యో, ఏముంది..."

అని, ఆగిపోయింది. ఎవరి చేతిలోనైనా ఫోను ఉందేమోనని చుట్టూ చూసింది. తర్వాత చెయ్యి కిందికి దించి డబ్బా అందుకుంది.

"అవును," అంది గట్టిగా, బల్లలన్నిటికీ వినపడేలా. "నేనే చేశాను."